సూరత్ వెళ్తున్న బొటిక్ వాళ్లకి: మూట కుట్టేదాకా షాపు వదలొద్దు

దసరా సరుకుకి సూరత్ టికెట్లు తీసుకున్నామని ఈ వారంలో ముగ్గురు చెప్పారు. అందుకే రాస్తున్నా. లేకపోతే ఇది నేను నలుగురికీ చెప్పుకునే కథ కాదు. లక్ష రూపాయలు పట్టుకెళ్లి, కళ్లతో చూసి, చేత్తో పట్టి, బేరమాడి 132 పీసులు కొన్నాను. నేను చూసినవి ఇంటికి 36 వచ్చాయి. మిగతా 96 ఎవరి సరుకో, ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.

నాది తెనాలిలో చిన్న బొటిక్. ఏడేళ్లుగా విజయవాడ వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్లోనే కొనేదాన్ని. అక్కడ 780కి ఇచ్చే జార్జెట్ వర్క్ చీర సూరత్‌లో 685కే వస్తుందని విన్నాక నిద్ర పట్టలేదు. ఆషాఢంలో వెళ్లి తెచ్చుకుంటే శ్రావణానికి చీరకి 95 రూపాయలు మిగులుతుందని లెక్కేసుకున్నా. వదినని తోడు తీసుకుని విజయవాడలో నవజీవన్ రైలు ఎక్కాం.

మొదటిసారి వెళ్లేవాళ్లకి రింగ్ రోడ్డు చూస్తే కళ్లు తిరుగుతాయి. సహారా దర్వాజా వైపు నుంచి మొదలుపెడితే రోడ్డుకి అటూ ఇటూ మార్కెట్ బిల్డింగులే. ఒక్కో బిల్డింగులో వందల షాపులు, లిఫ్టుల దగ్గర మనుషులకంటే మూటలే ఎక్కువ. షాపులో కుర్చీలుండవు, తెల్ల పరుపులు, తెల్ల దిండ్లు. కూర్చోగానే చాయ్ వస్తుంది. చీరలు విసిరి పరుస్తుంటే పది నిమిషాల్లో మోకాళ్లదాకా రంగులే. సింగిల్ పీసు అడిగితే ఎవరూ ఇవ్వరు, సెట్టు తీసుకోవాలి. ఆరో ఎనిమిదో పన్నెండో చీరలు, అందులో మనకి నచ్చని రంగు రెండైనా ఉంటుంది. అది మోసం కాదు, అక్కడి పద్ధతి. దానికి సిద్ధపడే వెళ్లాలి.

మేం మోసపోయింది భాష దగ్గర. మార్కెట్ గేటు దగ్గర మేం మాట్లాడుకుంటుంటే ఒకతను "అక్కా, తెలుగువాళ్లా?" అని పలకరించాడు. సూరత్‌లో తెలుగు వినపడటం వింత కాదు. లింబాయత్ వైపు మన పద్మశాలీలు తరాలుగా ఉంటున్నారు, మగ్గాల మీద బతికిన కుటుంబాలు. ఇతనూ అలాంటి కుటుంబమే అనుకున్నాం. వాళ్ల పేరు చెడగొట్టడానికి కాదు ఈ మాట అంటున్నది. అతను నిజంగా ఎక్కడివాడో మేం అడగనే లేదు, "అక్కా" అనగానే కరిగిపోయాం. "నాకు మీరేం ఇవ్వక్కర్లేదు అక్కా, షాపువాళ్లే ఇస్తారు" అన్నాడు. దలాలీ ఎవరిస్తే ఎవరి పక్షమో ఆ క్షణంలో బుర్రకి ఎక్కలేదు. మా వదిన మాత్రం చెవిలో "ఊరికే ఎవరు తిప్పుతారే" అంది. నేనే వినలేదు.

నాలుగో అంతస్తులో ఒక మూల షాపుకి తీసుకెళ్లాడు. సరుకు బాగుంది, అబద్ధం చెప్పను. జార్జెట్ ఒత్తుగా ఉంది, అంచు వర్కు వెనక దారాలు వేలాడటం లేదు. కొలిస్తే 6.30 కటింగ్ సరిగ్గా ఉంది. అంటే ఐదున్నర మీటర్ల చీర, ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్క. తడి కర్చీఫుతో రుద్ది రంగు కూడా చూశాను. జార్జెట్ చీరలు 685 లెక్కన 48, డోలా సిల్క్ 940 లెక్కన 48, డ్రెస్ మెటీరియల్ 520 లెక్కన 36. మొత్తం 96,720.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. దలాలీ అతను మెల్లగా "అక్కా, సగానికే బిల్లు కొట్టిద్దాం, సగం కచ్చా, అంటే బిల్లు లేకుండా. యాభై వేలు దాటితే సరుకు రవాణాకి ఈ వే బిల్లు తీయాల్సిన గొడవ" అన్నాడు. 45,600కి బిల్లు, దాని మీద ఐదు శాతం 2,280. మిగతా 51,120 తెల్ల చీటీ మీద. అన్నీ కలిపి 99,000, ప్యాకింగు వెయ్యి. కచ్చితంగా లక్ష. నాకు మిగిలిన పన్ను 2,556 రూపాయలు. పైగా నాది రెగ్యులర్ జీఎస్టీ. సరైన బిల్లు మీద ఆ పన్ను కట్టి ఉంటే క్రెడిట్‌గా నాకే తిరిగొచ్చేది! ఇంటికొచ్చాక మా ఆడిటర్ గారు ఈ ముక్క చెప్పి నవ్వారు. నిజానికి మిగిల్చుకున్నది సున్నా. పోగొట్టుకున్నది సాక్ష్యం. ఆ తెల్ల చీటీ మీద షాపు పేరు లేదు, సంతకం లేదు, పెన్సిలుతో అంకెలు తప్ప ఏమీ లేవు.

డబ్బు కౌంటరు మీద ఉన్న స్కానర్‌కి కొట్టాం. ఎవరో వ్యక్తి పేరు వచ్చింది, షాపు పేరు కాదు. "మా తమ్ముడిది" అన్నాడు ఓనరు. అది శనివారం సాయంత్రం. మర్నాడు ఆదివారం మార్కెట్ మూత, రాత్రికి మా రైలు. "మీరు వెళ్లి భోంచేయండి అక్కా, నేను దగ్గరుండి ప్యాక్ చేయించి లారీ ఆఫీసులో వేయిస్తా" అన్నాడు తెలుగు తమ్ముడు. వర్షం కూడా పడుతోంది. వెళ్లి లోచో తిన్నాం. సూరత్ వెళ్తే తినాల్సిందే, శనగపప్పుతో వేడివేడిగా చేస్తారు. మేం దాని మీద సేవ్ చల్లుకుంటున్న ఆ గంటలోనే నాలుగో అంతస్తులో మా లక్ష మారిపోయింది.

ఆరు రోజులన్నది పంతొమ్మిది రోజులు పట్టింది. వరలక్ష్మీ వ్రతం ముందు బుధవారం లారీ ఆఫీసు నుంచి ఫోను. రెండు మూటలు, కిరాయి మనమే కట్టాలి, హమాలీ వేరు. అక్కడే విప్పి చూస్తానంటే కుదరదన్నారు, సంతకం పెట్టి తీసుకెళ్లమన్నారు. పండగ హడావిడి, పెట్టేశాను.

ఇంట్లో కుట్లు తెంపితే పైవరస అంతా మేం చూసిన సరుకే. వదిన మొహం వెలిగిపోయింది. రెండో వరస తీశాక ఇద్దరం మాట్లాడుకోలేదు. జార్జెట్ 48లో 16 అసలువి. మిగతావి అదే ప్రింటు, అదే రంగు, గుడ్డ మాత్రం దోమతెరలా ఉంది. పరిచి కొలిస్తే ఐదు మీటర్ల ఇరవై, జాకెట్టు ముక్క లేనే లేదు. రాళ్లు కుట్టినవి కాదు, జిగురుతో అంటించినవి, చీర దులిపితే నేల మీద మెరిశాయి. డోలా ఆరు రంగుల సెట్లు అన్నారా, 12 తీసేస్తే మిగిలిన 36లో ఉన్నవి రెండే రంగులు, పాచి రంగూ బూడిద రంగూ. శ్రావణ శుక్రవారానికి బూడిద రంగు చీర ఎవరు కొంటారమ్మా? డ్రెస్ మెటీరియల్‌లో 8 బాగున్నాయి. మిగతావాటిలో టాపు రెండున్నర మీటర్లకి బదులు రెండే. మా టైలరు టేపు మెడలో వేసుకుని "ఇది పదో క్లాసు పిల్లకి సరిపోతుంది మేడం, వాళ్లమ్మకి కాదు" అన్నాడు.

ఇంకో ఘోరం ఏంటంటే, కంగారులో నేను అన్నీ వేరు చేసేలోపే ఆ పల్చటి వాటిలో రెండు అమ్ముడుపోయాయి. ఒకావిడ వ్రతానికి తడిపి ఆరేసుకుంటే ఎర్రరంగు తెల్ల పంచె మీదకి దిగింది. ఏడేళ్లుగా వస్తున్న మనిషి. డబ్బు వెనక్కిచ్చి, పంచె కూడా కొనిచ్చాను. దీపావళికి వస్తుందో రాదో.

షాపుకి ఫోను చేస్తే మొదటి రోజు "దేఖ్‌తే హై మేడం". మూడో రోజు "మాల్ వాపస్ నహీ హోగా, బిల్ పే లిఖా హై". నిజమే, అమ్మిన సరుకు వాపసు లేదని బిల్లు కింద రాసుంది, పక్కనే సూరత్ కోర్టుల పరిధి అని కూడా. తెలుగు తమ్ముడు రెండుసార్లు "నేను చూసుకుంటా అక్కా" అని, తర్వాత ఫోను కట్టేశాడు.

కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్దామనుకున్నా. 2019 చట్టం ప్రకారం తిరిగి అమ్ముకోవడానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారట, ఆ తలుపు మనకి లేదు. శాంపిల్ చూపించి అమ్మితే మొత్తం సరుకు శాంపిల్‌లాగే ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో స్పష్టంగానే ఉంది. కానీ శాంపిల్ ఏదని అడిగితే నా దగ్గర ఏముంది? ఫోటో కూడా సరిగ్గా లేదు. బిల్లు సగానికే. ఆ సగం బిల్లు మీదున్న జీఎస్టీ నంబరు అప్పుడు వెతికాను, నేను కొనకముందే క్యాన్సిల్ అయిన రిజిస్ట్రేషన్ అది. అంటే కట్టిన 2,280కి క్రెడిట్ కూడా రాలేదు.

ఆ నంబరు చూడటానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కూడా అక్కర్లేదు, పన్ను చెల్లింపుదారుని వెతికే చోట పదిహేను అంకెలూ అక్షరాలూ కొడితే పేరు, చిరునామా, నడుస్తోందా క్యాన్సిల్ అయిందా, రెగ్యులరా కాంపొజిషనా (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి), అన్నీ వస్తాయి. గుజరాత్ నంబరైతే 24తో మొదలవ్వాలి. మనది 37, తెలంగాణ 36. కాంపొజిషన్ అని వస్తే లేచి వచ్చేయండి, వాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు, మీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు. ఈ పని పరుపు మీద కూర్చుని చాయ్ తాగుతూనే చేయొచ్చు. బోర్డు మీద పేరు, పోర్టల్‌లో పేరు, డబ్బు వెళ్లే ఖాతా పేరు ఒకటేనా అని చూడండి. కాకపోతే ఎంత మంచి చీరైనా వదిలేయండి.

గుడ్డ ఏదో తెలుసుకోవడం మనలో చాలామందికి వచ్చు. దారం కాలిస్తే పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది, కాటన్, విస్కోస్ కాగితంలా కాలి బూడిదవుతాయి, అసలు పట్టు వెంట్రుకలు కాలిన వాసనొస్తుంది. కానీ నా విషయంలో ఆ పరీక్షలన్నీ దండగ. నేను పరీక్ష చేసిన చీర మంచిదే కదా! పరీక్ష చేయాల్సింది మూటని.

అందుకే చెప్తున్నా, ప్యాకింగ్ దగ్గర నిలబడండి. రైలు పోతే పోనివ్వండి, టికెట్టు వెయ్యి రూపాయలు. నచ్చిన ప్రతి రకం సెట్టులోంచి ఒక చీర విడిగా తీసి మీ బ్యాగులో వేసుకోండి, అదే మీ శాంపిల్. బిల్లులో కటింగు, రంగులు, జాకెట్టు ముక్క ఉందో లేదో రాయించండి. ఎంచుకున్న సెట్ల మీద బాల్‌పెన్నుతో ఏదో ఒక గుర్తు పెట్టండి, అట్ట మీద కాదు, అట్టలు మారతాయి, చీర అంచు లోపల. మీ కళ్లముందే లెక్కపెట్టి మూట కట్టించి, కుట్టు మీద స్కెచ్‌పెన్నుతో సంతకం చేసి వీడియో తీయండి. లారీ ఆఫీసు రసీదు (బిల్టీ) మీద బరువు ఫోటో తీసుకోండి. ఊళ్లో లారీ ఆఫీసులో మళ్లీ తూయించి, తేడా ఉంటే సంతకం పక్కనే రాసి అప్పుడు తీసుకోండి. విప్పేటప్పుడు మొదటి కుట్టు నుంచీ వీడియో ఆపొద్దు. ఇదంతా చేస్తుంటే మంచి షాపువాడు నవ్వి సాయం చేస్తాడు. "ఇత్‌నా భరోసా నహీ క్యా?" అని, అంటే ఆ మాత్రం నమ్మకం లేదా అని, మొహం మాడ్చుకునేవాడి దగ్గర కొనొద్దు.

సూరత్ అంతా ఇంతే అనడం లేదు. మా గుంటూరు స్నేహితురాలు అక్కడే రెండు షాపుల నుంచి ఏళ్ల తరబడి తెప్పించుకుంటోంది, డ్యామేజీ పీసు వస్తే మార్చి ఇస్తారు. తను మొదటిసారి కొన్నది ఒక్క సెట్టు. అది సరిగ్గా వచ్చాక రెండోది. నేను మొదటి రోజే లక్ష గుమ్మరించాను. వస్త్రలతలో 780 ఎందుకో నాకిప్పుడు అర్థమైంది. ఆ 95 రూపాయల్లో, చీర తీసుకెళ్లి "బాబాయ్, ఇది మార్చండి" అని అడిగే వీలుంది.

షాపు పేరు రాయమని అడుగుతారని తెలుసు. ఏ పేరు రాయను? బోర్డు మీద ఒకటి, బిల్లు మీద ఇంకోటి, స్కానర్‌లో మూడోది. పోయిన వారం మా ఊరాయన పని మీద సూరత్ వెళ్తే, చూసి రమ్మని బతిమాలాను. ఫోటో పంపాడు. నాలుగో అంతస్తులో అదే మూల, అవే తెల్ల దిండ్లు. బోర్డు మాత్రం కొత్తది, నాలుగో పేరుతో.