సింథటిక్ సెక్రెటిన్: సరుకు మంచిదే, రవాణాయే లోపం

గుంటూరులోని మా పరిశోధనశాలలో క్లోమ కణాలపై ప్రయోగాల నిమిత్తం ఒక సరఫరాదారు నుంచి తెప్పించిన సింథటిక్ హ్యూమన్ సెక్రెటిన్‌ను మూడు నెలలుగా వాడుతున్నాము. 1902లో బేలిస్, స్టార్లింగ్ కనుగొన్న ఈ హార్మోన్ 27 అమైనో ఆమ్లాల గొలుసు (పెప్టైడ్). జీర్ణాశయం నుంచి ఆమ్లం చిన్నపేగులోకి చేరగానే విడుదలై, క్లోమం చేత బైకార్బొనేట్ నిండిన రసాన్ని స్రవింపజేస్తుంది. వచ్చిన పొడి తెల్లగా, తేమ లేకుండా ఉంది, ఇట్టే కరిగింది, కణాల ప్రతిస్పందన కూడా ప్రతిసారీ దాదాపు ఒకే తీరులో కనిపించింది. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే పెప్టైడ్ శక్తి తగ్గుతుంది కనుక, మొదటి రోజే చిన్న గొట్టాలలోకి పంచుకున్నాము.

గ్యాస్ట్రినోమా (గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను అతిగా స్రవించే కణితి) ఉన్నవారిలో సెక్రెటిన్ ఇచ్చాక రక్తంలో గ్యాస్ట్రిన్ తగ్గకుండా పెరుగుతుంది; దాని ఆధారంగా ఆ వ్యాధిని గుర్తించే పరీక్షకు వాడేది ఆమోదం పొందిన వేరే ఇంజెక్షన్. సీసాపై ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉన్న ఈ సరుకు, ఎంత చవకైనా, అందుకు పనికిరాదు.

రవాణా మాత్రం నిరాశపరిచింది. మైనస్ 20 డిగ్రీల వద్ద ఉండవలసిన మొదటి సీసా, డ్రై ఐస్ పూర్తిగా ఆవిరైపోయిన పెట్టెలో మా చేతికి వచ్చింది. (గుంటూరు మే నెల ఎండ ఎరిగినవారెవరూ శుక్రవారం సాయంత్రం పార్సిల్ పంపరు.) బదులు సీసా ఉచితంగానే ఇచ్చారు గానీ, అది చేరడానికి పన్నెండు రోజులు పట్టింది.