మిర్చి కొట్లో డెబియన్ సర్వర్: నాలుగేళ్ల వాడకం తరువాత

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. 2021 నవంబరు నుంచి ఆ కొట్టు లెక్కలన్నీ ఒక పాత కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. నాలుగు జీబీ మెమరీ, డెబియన్ 11 అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద పేజీలు పంపే అపాచీ, లెక్కలు దాచే డేటాబేస్ మరియాడీబీ, ప్రోగ్రాం రాసిన భాష పీహెచ్‌పీ. గుమస్తాలు కాటా దగ్గర నిలబడి ఫోనులోనే రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు, ధర ఎక్కిస్తారు. అంతా కొట్టు వైఫై లోపలే, బయటివారికి దారి లేదు.

ఇన్‌స్టాల్ చేయడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ప్యాకేజీల పేర్లు కొట్టి ఎంటర్ నొక్కితే టీ చల్లారేలోపు అపాచీ స్వాగత పేజీ వచ్చేసింది. నా ల్యాప్‌టాప్ నుంచి డేటాబేస్‌లోకి వెళ్లబోతే మాత్రం గంటసేపు రానివ్వలేదు. పాస్‌వర్డ్ తప్పనుకుని నాలుగుసార్లు మార్చాను. తీరా చూస్తే, డెబియన్‌లో మరియాడీబీ మనం మార్చేదాకా 127.0.0.1 మీదే, అంటే సొంత యంత్రం పిలిస్తేనే పలుకుతుంది. అప్పుడు తిట్టుకున్నాను. వైఫై పాస్‌వర్డ్ లారీ డ్రైవర్ల దాకా తెలిసిన కొట్లో ఆ మొండితనమే మేలని తరువాత అర్థమైంది.

అసలు తంటా తెలుగుతో వచ్చింది. పాత ప్రోగ్రాంలోని రైతుల జాబితాను ఇందులోకి తెచ్చి తెరిస్తే ఒక్క పేరూ లేదు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కనే ఎండ డిగ్రీలకు వేసే చిన్న సున్న, వరుసంతా అదే. అన్ని భాషల అక్షరాలనూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. పాత ప్రోగ్రాం డేటాబేస్‌తో ‘లాటిన్-1’ (యూరప్ అక్షరాల పాత పద్ధతి) అని మాట్లాడుతూ ఆ మూడింటినీ మూడు యూరప్ అక్షరాలుగా దాచింది, తీసేటప్పుడూ అలాగే తీసింది. దొంగ లెక్క రాసినవాడే తనిఖీ చేస్తే తేడా ఎక్కడ దొరుకుతుంది? పాత డేటాను లాటిన్-1గానే బయటికి తీసి, ఆ ఫైలులో ఆ పేరున్న చోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 (మరియాడీబీలో పూర్తి యూటీఎఫ్-8కు పేరు) అని మార్చి, మళ్లీ ఎక్కించాను. రెండు రాత్రులు పట్టింది.

పేర్లు తెలుగులోకి వచ్చాయి గానీ కొన్నింటికి తోకలు లేవు. శ్రీనివాసరావు మన కంటికి ఆరు అక్షరాలు. డేటాబేస్ ఒత్తులనూ గుణింతాలనూ విడిగా లెక్కపెడుతుంది కాబట్టి దానికి 13, బైట్లలో 39. పాత పట్టికలో పేరుకు ఇచ్చిన చోటు 30 బైట్లే. అందుకే శ్రీనివాసరావులంతా ‘శ్రీనివాసర’ దగ్గర ఆగిపోయారు. ‘వెంకటేశ్వర’లతో ఇంకా చిక్కు, వారిలో రావులెవరో, వెంకటేశ్వర్లు ఎవరో ఏ కమాండూ చెప్పలేదు. బాబాయి కుర్చీ లాక్కుని కూర్చుని, ఊరి పేరు చూసి ఒక్కొక్కరినీ చెప్పాడు.

మొదటి వేసవిలో కరెంటు పోయి ఒక పట్టిక పాడైంది. పాత డేటాతోపాటు వచ్చిన మైఐసామ్ అనే పాత నిల్వ పద్ధతి పట్టిక అది. అన్నింటినీ ఇన్నోడీబీ అనే మరో నిల్వ పద్ధతికి మార్చాక కరెంటు ఎన్నిసార్లు పోయినా, తిరిగి రాగానే తన లాగ్ (జరిగినవి రాసుకునే చిట్టా) తాను చదువుకుని సరిచేసుకుంటోంది. కారం దుమ్ముకే మందు లేదు. మూడు నెలలకోసారి డబ్బా విప్పి ఫ్యాను తుడవాలి, ఆ పూట కొట్లో అందరికీ తుమ్ములే.

ఒక తప్పు పూర్తిగా నాదే. రోజూ రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్టు పెట్టి, కొన్నాళ్లకు పాస్‌వర్డ్ మార్చి, స్క్రిప్టులో మార్చడం మరిచాను. ఫైళ్లు మాత్రం తేదీలు వేసుకుని బుద్ధిగా వస్తూనే ఉన్నాయి. మూడు వారాల తరువాత చూస్తే ప్రతిదీ 20 బైట్లు. ఏమీ లేనిదాన్ని జీజిప్‌తో కుదిస్తే అంతే వస్తుంది. అదృష్టం, ఆ మూడు వారాల్లో ఏమీ పోలేదు. ఇప్పుడు నెలకోసారి బ్యాకప్‌ను వేరే యంత్రంలో ఎక్కించి, మొత్తం టిక్కీలు సరిపోతే గానీ నిద్రపోను.

వెర్షన్ మార్చడానికి యార్డు వేసవి సెలవులు చూసుకున్నాను. 2024లో డెబియన్ 12కు మారితే పీహెచ్‌పీ 7.4 నుంచి 8.2 అయింది. పాతది పోయింది, కొత్తది అపాచీలో ఆన్ కాలేదు. ఫోనులో పేజీ తెరిస్తే లెక్కల బదులు నా ప్రోగ్రామే కనిపించింది, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా! మాడ్యూల్ ఆన్ చేయడానికి అర నిమిషం చాలు. పాస్‌వర్డ్‌ను వెబ్ ఫోల్డర్ బయటికి తరలించడానికి మాత్రం సాయంత్రం దాకా కూర్చున్నాను. మొదటి రోజే చేయవలసిన పని అది.

లైసెన్సు ఖర్చు సున్నా. అయితే ఏదైనా చెడితే ఫోను చేయడానికి నంబరు లేదు, లాగ్ చదివే ఓపిక ఉన్నవాడు ఒక్కడైనా కొట్లో ఉండాలి. మా కొట్లో వాడిని నేనే, అందుకే బాబాయి నన్ను తిరుపతికి కూడా సెలవుల్లోనే పంపుతాడు. డెబియన్ 13 వచ్చింది కదా అని ఈమధ్య ఎవరో అడిగారు. 12కు భద్రతా సవరణలు 2028 జూన్ వరకు వస్తాయి. సీజన్ నడుస్తుండగా నేను దాన్ని ముట్టుకోను.