పాత ట్రాక్టర్ బ్లాకులో పోతఇనుప బుష్షులు: ఆరేళ్ల వాడకం తర్వాత

మా నాన్నగారు కొన్న హెచ్‌ఎంటీ 3511 ట్రాక్టర్ బ్లాకుకు (సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మకు) చిత్తూరులో బుష్షులు, అంటే తుప్పు తిన్న చోట బిగించే ఇనుప కడియాలు, వేయించి ఈ వేసవికి ఆరేళ్లు నిండాయి. గంటల మీటరులో 2,600 గంటలు తిరిగాయి. ఇంతవరకూ ఆయిల్‌లోకి ఒక్క నీటిచుక్క దిగలేదు. ఆ సంతోషాన్ని చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. పిస్టన్లు, రింగులు, బేరింగుల సంగతి పాత ఇంజన్ విప్పిన ప్రతివారికీ తెలిసినదే కనుక వాటి జోలికి పోవడం లేదు.

తడి లైనర్ల ఇంజన్‌లో, అంటే పిస్టన్ ఆడే గొట్టం (లైనరు) చుట్టూ నేరుగా నీళ్లు తగిలే ఇంజన్‌లో, లైనరు అరిగితే కొత్తది దించుకోవచ్చు గానీ, లైనరు అడుగున నీళ్లను ఆపే ఓరింగులు (రబ్బరు వలయాలు) ఆనుకునే చోట బ్లాకునే తుప్పు తినేస్తే ఎన్ని కొత్త లైనర్లు వేసినా నీళ్లు ఆయిల్ చాంబరులోకి దిగుతూనే ఉంటాయి. మా బంగారుపాళ్యం పొలంలోని బోరు నీళ్లు మరిగిస్తే గిన్నెకు తెల్లగా గార కడుతుంది; అవే నీళ్లను ఇరవై ఏళ్లకు పైగా రేడియేటరులో పోశాం. విప్పి చూసేసరికి మూడు సిలిండర్ల అడుగు భాగంలోనూ స్ఫోటకపు మచ్చల్లా గుంటలు పడి ఉన్నాయి. కొత్త బ్లాకు కొందామంటే, పింజోర్‌లోని ట్రాక్టర్ల విభాగం మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016లోనే ఆమోదం తెలిపింది. పాత సామాన్ల కొట్లలో చూసిన రెండు బ్లాకులూ మా బ్లాకులాగే తిని ఉన్నాయి.

మొదట ఒక మెకానిక్ ఆ గుంటలను ఎపాక్సీ ముద్దతో పూడ్చి, గరుకు కాగితంతో నునుపు చేసి ఇచ్చారు. అది ఒక్క వేరుశనగ పంటకాలం నిలిచింది. ఆ తర్వాత ఆయిల్ గేజీ తీసి చూస్తే, నీళ్లు కలిసి ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. మరొకరు ఇత్తడి బుష్షు వేద్దామన్నారు. చివరికి చిత్తూరులో ఇంజన్ సిలిండర్ల బోరింగ్ పని చేసే ఒక పెద్దాయన ఇత్తడి వద్దని గట్టిగా చెప్పి, ఎందుకో లెక్క కట్టి చూపించారు. ఇత్తడి మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి సుమారు 0.019 మి.మీ. సాగుతుంది, పోతఇనుము సుమారు 0.011 మి.మీ. మాత్రమే. 110 మి.మీ. వ్యాసమున్న బుష్షు 80 డిగ్రీలు వేడెక్కితే ఆ తేడా 0.07 మి.మీ. దాకా వస్తుంది, ఇత్తడి వేడిలో ఇనుము మధ్య నలిగి, చల్లారాక వదులవుతుంది. అందుకని ఆయన పోతఇనుపదైన ఒక పాత లారీ లైనరును కోసి, దాని ముక్కతోనే లేతు మీద బుష్షులు తిప్పారు. ముందు బ్లాకుకు కిరసనాయిలు పూసి, తుడిచి, సున్నపు పొడి అద్ది పగుళ్లేమైనా ఉన్నాయేమో చూశారు. తర్వాత తిన్న చోటును వ్యాసంలో 6 మి.మీ. పెంచి కోసి, రాత్రంతా డీప్ ఫ్రీజరులో ఉంచిన బుష్షులను 0.08 మి.మీ. బిగువుతో (కోసిన రంధ్రం కన్నా బుష్షు అంత పెద్దదిగా ఉండేలా) దించి, లైనరు కొలతకు మళ్లీ బోరు చేశారు.

వాటి గట్టితనం తెలిసింది మూడో ఏడాది మే నెలలో, మొగిలి ఘాటులో. పలమనేరుకు ఇటుకల లోడుతో ఎక్కుతుండగా ఫ్యాన్ బెల్టు తెగింది. వేడి చూపే మీటరు అంతకు ముందే పాడై ఉండటంతో, బానెట్ కింద నుంచి ఆవిరి ఎగదన్నేదాకా నాకు తెలియలేదు. బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపి, దాదాపు రెండు గంటలు కూర్చున్నాను. వేడి బ్లాకులో చన్నీళ్లు పోస్తే పగులుతుందని రేడియేటరు మూత కూడా ముట్టలేదు. నా భయమంతా బుష్షుల గురించే. మా బావమరిది పలమనేరు నుంచి బెల్టు తెచ్చాక మెల్లగా ఇల్లు చేరి, రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లవారి ఆయిల్ చాంబరు బోల్టును సగం వదులు చేశాను. నీరు ఆయిల్ కన్నా బరువైనది కనుక, దిగి ఉంటే ముందుగా కారవలసింది నీరే. కారింది నల్లటి ఆయిల్ మాత్రమే. ఆ చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్ది చూసుకున్న క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఉత్సాహంలో ఇది కొత్త బ్లాకుతో సమానమని ఊళ్లో చాలామందికి చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. నాలుగో ఏడాది రేడియేటరులో బుడగలు రావడం మొదలైంది. హెడ్డు విప్పితే రెండో సిలిండరు దగ్గర, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ కాలి ఉంది. ఇలాంటి లైనరు కాలరు (పైఅంచు) బ్లాకు ముఖం కంటే మిల్లీమీటరులో పదో వంతు మేర పైకి నిలబడితేనే గ్యాస్కెట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మాది దాదాపు సమంగా దిగిపోయింది. కాలరు కూర్చునే పైమెట్టును కూడా కోయిద్దామని ఆ పెద్దాయన అప్పుడే చెప్పినా, ఖర్చుకు వెనకాడి పలుచని షిమ్ములతో (ఎత్తు సరిచేసే రేకు ముక్కలతో) సరిపెట్టమన్నది నేనే. మళ్లీ ఇంజన్ దించి, పైమెట్టు కోయించి, ఒకే ముక్కగా ఉన్న షిమ్ము వేయించాక ఆ బాధ తీరింది. కింది బుష్షు మాత్రం అప్పుడు కూడా వేసిన రోజులాగే ఉంది.

మాకున్నది ఆరెకరాలు; మామిడి తోట దున్నడం, సీజనులో దామలచెరువు మండీకి తోతాపురి తోలడం తప్ప బండికి రోజువారీ కిరాయి పని లేదు. పైగా బుష్షులు వేసినప్పటి నుంచి బోరు నీళ్లు మానేసి, శుద్ధి చేసిన నీటిలో కూలెంటు కలిపి పోస్తున్నాను కాబట్టి, ఈ ఆరేళ్లలో బుష్షు గొప్పతనం ఎంతో, కూలెంటు చలవ ఎంతో నేను విడదీసి చెప్పలేను. రోజూ ఇసుకో ఇటుకలో లాగే బండికి ఇదే ఆయుష్షు ఉంటుందని కూడా అనలేను. మొన్న పక్క చేను ఆయన తన బ్లాకుకు ఇదే పని చేయించమంటావా అని అడిగితే, చేయించు అన్నా, ముందు పైమెట్టు డయల్ గేజితో కొలిపించి రా అని చెప్పాను.