లోక్ అదాలత్ ఆఫీసులో ఉచిత న్యాయ సహాయం: ఐదుకి నాలుగు

నేను రివ్యూ రాస్తున్నది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత న్యాయ సహాయం గురించి. మా ఊళ్ళో ఆ పేరు ఎవరికీ తెలీదు. "కోర్టులో లోక్ అదాలత్ ఆఫీసు" అంటే ఆటో అతను సరిగ్గా తీసుకెళ్ళి దింపుతాడు. చీరల కొట్ల గురించి, హోటళ్ళ గురించి ఇంతింత రాస్తాం. దీని గురించి రాసిన ఆడవాళ్ళు నాకు కనపడలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నాకు 51 ఏళ్ళు. పెళ్ళయి 27 ఏళ్ళు. మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్నం. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. అమ్మాయి బెంగుళూరులో పని చేస్తోంది, అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇంట్లో నేను, ఆయన, మా అత్తయ్య.

2024 ఆగస్టులో ఒక పొద్దున గ్యాస్ అబ్బాయి వచ్చి కోడ్ చెప్పమన్నాడు. ఫోన్లో ఆ మెసేజ్ కోసం వెతుకుతుంటే ఫాస్టాగ్ డబ్బులు కట్ అయిన మెసేజ్ ఒకటి కంటపడింది. కారు నా చీటీ డబ్బుతో కొన్నది, నా పేరునే ఉంది. కాబట్టి టోల్ మెసేజీలన్నీ నా నంబరుకే వస్తాయి. ఎప్పుడూ చదివింది లేదు. ఆ రోజు చదివాను. కిందటి శనివారం, కృష్ణవరం టోల్. ఆ శనివారం ఆయన ఆడిట్ పని ఉందని ఏలూరు వెళ్ళారు. కృష్ణవరం ఏలూరు దారిలో లేదు, తుని దారిలో ఉంది. గ్యాస్ అబ్బాయి "కోడ్ చెప్పండమ్మా, బండి అడ్డంగా పెట్టాను" అంటున్నాడు. నాకు అంకెలు కనపడ్డం లేదు.

ఆ మధ్యాహ్నం పాల లెక్క రాసుకునే నోటు పుస్తకం తీసి, వెనక పేజీల్లో తేదీలు వేశాను. 14 నెలల్లో 31 శనివారాలు. మధ్యలో అత్తయ్యకి ఇన్సులిన్ వేసి, అన్నం పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుని రాశాను. రాత్రి ఆ పుస్తకం ఆయన ముందు పెట్టాను. చాలాసేపు పేజీలు తిప్పారు. "నాలుగేళ్ళుగా" అన్నారు. నాలుగేళ్ళంటే మా అమ్మ పోయిన ఏడాది కూడా అందులో ఉంది. అమ్మ పదకొండో రోజున ఆయన పని ఉందని సాయంత్రమే వెళ్ళిపోవడం నాకు గుర్తుంది. ఇప్పటికీ ఎక్కువ బాధ పెట్టేది ఆ ఒక్క రోజే.

ఇక్కడికి రాకముందు రెండు చోట్లకి వెళ్ళాను. వాటి పేర్లు రాయను. మొదటిది ఒక కౌన్సెలింగ్ సెంటరు. ముప్పావు గంటకి 1200 తీసుకున్నారు. అక్కడి ఆవిడ అడిగిన మూడో ప్రశ్న, "ఈ మధ్య మీరు ఆయన్ని సరిగ్గా పట్టించుకోవడం లేదా?" అని. బయటకొచ్చి బస్టాండులో గంటసేపు కూర్చున్నాను. రెండోది ఒక ప్రైవేటు లాయరు. 30 వేలు అడిగి, "498ఏ పెట్టేద్దాం, మీ అత్తగారి పేరు కూడా చేరిస్తే దారికొస్తాడు" అన్నారు. నన్ను కట్నం కోసం ఎవరూ వేధించలేదు. అత్తయ్యకి 82 ఏళ్ళు, రోజూ నేను అన్నం కలిపి పెట్టే మనిషి. ఆవిడ మీద అబద్ధం కేసు ఎలా పెడతాను? ఇచ్చిన ఫీజు వదులుకుని వచ్చేశాను.

మా చెల్లెలు 15100 నంబరు ఇచ్చింది. అది న్యాయ సహాయం కోసం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు. చేస్తే మా జిల్లా ఆఫీసుకి వెళ్ళమని చెప్పారు. తెల్ల కార్డు ఉన్నవాళ్ళకే ఇస్తారేమో అనుకుని, ఆయన జీతం సంగతి భయంభయంగానే చెప్పాను. అక్కడ దరఖాస్తు రాసిపెట్టే పారా లీగల్ వాలంటీరు ఒకావిడ ఉంది. "ఆడవాళ్ళకి ఆదాయం లెక్క లేదమ్మా, 1987 చట్టంలోనే ఉంది" అంది. నిజమే, న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీ అయితే చాలు. లాయరు ఫీజు వాళ్ళే భరిస్తారు. నా చేతి నుంచి ఖర్చయింది ఆటోలకి, జిరాక్సులకి మాత్రమే.

వాళ్ళు నాకు కేటాయించిన లాయరమ్మకి ముప్పై అయిదేళ్ళుంటాయి. నేను చెప్పిందంతా విని, "మీకేం కావాలమ్మా?" అని అడిగింది. రెండు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. అక్కాబావలు సర్దుకోమన్నారు, అమ్మాయి వచ్చెయ్యమంది, ఎదురింటావిడ గుళ్ళో మొక్కుకోమంది. నాకేం కావాలో నేనే ఆలోచించుకోలేదు. అక్కడ కూర్చుని ఆలోచించుకుని చెప్పాను. ఇల్లు వదలను. విడాకులు ఇప్పుడు వద్దు. ఇక మీదట ఆయన చేతిలోంచి డబ్బు తీసుకోవడం నా వల్ల కాదు, అది హక్కుగా నా ఖాతాలో పడాలి. లాయరమ్మ అవన్నీ వరసగా రాసుకుంది.

ఆవిడ చెప్పినవి నాకు అర్థమైనట్టు రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. భర్తకి వేరే సంబంధం ఉంటే ఇప్పుడు పోలీసు కేసు లేదు. 497వ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. అది ఉన్న రోజుల్లో కూడా భార్య కేసు పెట్టడానికి వీల్లేదట. అవతలి ఆడమనిషి భర్త మాత్రమే పెట్టాలి, అదీ మగవాడి మీదే. 1860 నుంచి ఉన్న చట్టంలో భార్యకి చోటే లేదని వినగానే ఒళ్ళు మండింది. విడాకులకి మాత్రం అది ఇప్పటికీ కారణమే, హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. విడాకులు తీసుకోకుండానే మనోవర్తి కూడా అడగొచ్చు. భర్త వేరే ఆవిడతో కాపురం నడుపుతుంటే, భార్య విడిగా ఉంటూ పోషణ ఖర్చు పొందొచ్చని 1956 నాటి చట్టం చెబుతోంది. ఇల్లు ఆయన పేరున ఉన్నా నన్ను వెళ్ళగొట్టడానికి లేదు. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు 2005 గృహ హింస చట్టంలో ఉంది. మనోవర్తి కోర్టుకి వెళితే ఇద్దరూ ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో రాసివ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది విని నాకు ధైర్యం వచ్చింది. ఆయనకి ఎన్ని ఖాతాలున్నాయో 27 ఏళ్ళలో నాకు తెలీదు.

ఇంకో మాట కూడా చెప్పింది, నెమ్మదిగా, తలుపు దగ్గరకి వేసి. విషయం తెలిసిన తర్వాత కూడా భార్యాభర్తల్లా ఉంటే, క్షమించేశారని రేపు అవతలి వాళ్ళు వాదించొచ్చు. రేపెప్పుడైనా విడాకులు కావాలనుకుంటే అది అడ్డొస్తుంది. నేను ఆ రాత్రి నుంచే అత్తయ్య గదిలో పడుకుంటున్నాను. ఆ తేదీ కూడా రాసి పెట్టుకోమంది. ఆయన ఫోన్ దొంగతనంగా తెరవొద్దని, మీ నంబరుకి వచ్చిన టోల్ మెసేజీలు మీవే కాబట్టి వాటిని జాగ్రత్త చేసుకోమని చెప్పింది. ఆయన ఆఫీసుకి ఫిర్యాదు చేయాలా అని నేనే అడిగాను. ఉద్యోగం పోతే ముందు నష్టపోయేది మీ మనోవర్తే, ఆలోచించుకోండి అంది. చేయలేదు.

చివరగా ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోమంది. నాకు తల తిరిగింది. అలాంటి జబ్బు నాకెందుకొస్తుందని కోపం కూడా వచ్చింది. కానీ ఆవిడ చెప్పింది న్యాయమే. ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ అని బోర్డు ఉన్న గదిలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా చేస్తారు. ముందు మాట్లాడి, మన ఒప్పుకోలు తీసుకుని, అప్పుడు రక్తం తీస్తారు. వివరాలు బయటికి చెప్పరు. మొదటిసారి ఏమీ లేదని వచ్చింది. జబ్బు అంటుకున్న కొత్తలో పరీక్షలో కనపడకపోవచ్చని మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఆ మూడు నెలల టెన్షన్ మాటల్లో చెప్పలేను. రెండోసారీ ఏమీ లేదు. నా వయసు ఆడవాళ్ళు దీన్ని సిగ్గుతో దాటేయకండి.

కేసు వేయకుండా ముందు రాజీకి పిలుద్దామని ఆయనకి నోటీసు పంపారు. ఒక స్టార్ నేను తగ్గించింది ఇక్కడి నుంచి జరిగిన వాటికి. మొదటి వాయిదాకి ఆయన రాలేదు. ఈ దశలో బలవంతంగా రప్పించే అధికారం వాళ్ళకి లేదు. రెండోసారి వచ్చారు కానీ మధ్యవర్తి సెలవు. మూడు వారాలు మళ్ళీ ఆగాలి. కూర్చోవడానికి వరండాలో ఒకటే బెంచీ. అందరి గోడూ అందరికీ వినపడుతుంది. మా అబ్బాయికి ఐదో తరగతిలో చెప్పిన టీచరుగారు ఆ బెంచీ మీదే నా పక్కన కూర్చున్నారు, ఆవిడ పని మీద ఆవిడ. ఇద్దరం తల దించుకున్నాం. ఇలాంటి పనికి ఒక మూసిన గది ఉండాలి. ఇంకోటి, ఆఫీసు మేడ మీద, మెట్లు నిటారు.

ఆ మెట్ల దగ్గర జరిగింది చెప్పాలి. మూడో వాయిదా రోజు పొద్దున నేను తయారవుతుంటే అత్తయ్య కూడా జరీ అంచు చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడకి నేనేమీ చెప్పలేదు. ఒకే గదిలో పడుకుంటున్నాం, తెలియకుండా ఎలా ఉంటుంది? వద్దన్నా వినలేదు. ఆటోలో తీసుకెళ్ళాను కానీ మెట్లు ఎక్కలేకపోయింది. పైకి వెళ్ళి చెబితే, మధ్యవర్తి మేడమ్, లాయరమ్మ ఇద్దరూ కాగితాలు పట్టుకుని కిందకి దిగి వచ్చారు. వేపచెట్టు కింద కుర్చీలు వేయించారు. ఆయన కూడా వచ్చి కూర్చున్నారు, వాళ్ళమ్మ మొహం చూడలేదు.

నెలకి 15 వేలు ఇస్తానన్నారు. ఇంటి సంగతి తర్వాత చూద్దామన్నారు. అత్తయ్య అంతా విని అంది, "ఒరే, ఇల్లు దాని పేరున రాయి. ఆ అప్పు తీర్చడానికి తాకట్టు పెట్టినవి దాని గాజులు. నేను పోయేదాకా దాని దగ్గరే ఉంటాను, నీతో రాను." ఇంకేం అనలేదు. మంచినీళ్ళు అడిగింది.

2025 మార్చి 8న జాతీయ లోక్ అదాలత్‌లో ఒప్పందం రాశారు. నెలకి 22 వేలు, ఒకటో తారీఖున నా ఖాతాకి. ఇల్లు నాకు గిఫ్ట్ సెటిల్‌మెంట్. పీఎఫ్‌కి నామినీ నేనే. విడాకుల హక్కు నేను వదులుకోవడం లేదని కూడా ఒక వాక్యం రాయించింది లాయరమ్మ. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. డబ్బు ఆపితే అమలు చేయమని నేరుగా కోర్టుకి వెళ్ళొచ్చు. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. పెట్టాను. ఏప్రిల్ ఆఖర్లో రిజిస్ట్రేషన్ కూడా అయింది.

ఆయన ఇప్పుడు ముందు గదిలో ఉంటున్నారు. మా మధ్య మాటలు అవసరమైనంత వరకే. దీని తర్వాత ఏం చేస్తానో నేను ఇంకా తేల్చుకోలేదు, తొందర కూడా లేదు.

వెళ్ళేవాళ్ళు ఆధార్, పెళ్ళి ఫొటో లేదా శుభలేఖ, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, తేదీలు రాసుకున్న కాగితం తీసుకెళ్ళండి. పొద్దున పదిన్నరకల్లా వెళితే బెంచీ ఖాళీగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద అటెండరుతో కబురు పంపండి. మా దగ్గరైతే వాళ్ళే దిగి వచ్చారు.