జాగ్రత్త: ఇన్సూరెన్స్ ఫారంలో ప్రశ్నలకు జవాబులు ఇంకొకరిని నింపనివ్వకండి

హెల్త్ పాలసీకో లైఫ్ పాలసీకో అప్లై చేసే పనిలో ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా ఇంట్లో జరిగినదే చెబుతున్నాను.

మా వారికి ఓ రాత్రి ఉన్నట్టుండి కడుపునొప్పి. అపెండిక్స్ అన్నారు, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. పాలసీ తీసుకుని రెండేళ్లయింది, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా ప్రీమియం కట్టాం, అందుకని డబ్బు గురించి నేను ఆలోచించనే లేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. క్లెయిమ్ మాత్రం తిరస్కరించారు. వారం తిరక్కుండా పాలసీనే రద్దు చేస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. కారణం: బీపీ ఉన్న సంగతి చెప్పకుండా దాచారట.

మేం దాచలేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, అంతే. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంట్ ఫోన్ చేసి "ఆరోగ్యం బాగానే ఉంటుంది కదండీ?" అన్నాడు. "బాగానే ఉంటుందండీ" అన్నారు ఈయన. ఓటీపీ వచ్చింది, చెప్పేశారు. ఆ ఓటీపీయే సంతకమని మాకు అప్పుడు తెలియదు. రద్దు ఉత్తరం వచ్చాక ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మా పేరున ఇచ్చిన దరఖాస్తు, కాపీ అడిగి తెప్పించుకున్నాను. ఆరోగ్యం గురించి పన్నెండు ప్రశ్నలు, పన్నెండింటికీ "లేదు". ఏడో ప్రశ్న ఇది: గత ఐదేళ్లలో ఏ జబ్బుకైనా మందులు వాడారా, లేక వాడమని డాక్టర్ సలహా ఇచ్చారా? పాలసీ తీసుకోవడానికి ఏడాది ముందు నుంచీ ఆయన బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నారు. దానికి ఎదురుగా "లేదు". బరువు 70 కిలోలని వేశారు, అప్పటికి ఆయన 84. ఎత్తు 175 సెంటీమీటర్లు. 70 అయితే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) 23 లోపే ఉంటుంది, 84 అయితే 27 దాటిపోతుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాలేదు. మమ్మల్నయితే ఎవరూ అడగలేదు.

"బీపీకీ అపెండిక్స్‌కీ సంబంధం ఏమిటి?" అని నేనూ గొడవపడ్డాను. మీకూ అదే అనుమానం వస్తుంది. చాలాచోట్ల వాళ్లు చూసేది ఆ సంబంధం కాదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఇదే ప్రీమియానికి, ఇవే షరతులతో పాలసీ ఇచ్చేవాళ్లమా అన్నది చూస్తారు. ఇది కొత్త నియమమేమీ కాదు. 1766లోనే ఇంగ్లండ్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే న్యాయమూర్తి, ఇన్సూరెన్స్ తీసుకునేవాడికి మాత్రమే తెలిసిన ముఖ్యమైన విషయాలు దాచకూడదని తీర్పులో చెప్పారు. అదే తీర్పులో ఇంకో సగం కూడా ఉంది: ఇన్సూరెన్స్ ఇచ్చేవాడికి ముందే తెలిసిన సంగతి చెప్పలేదని తర్వాత వంక పెట్టడానికి వీల్లేదు. అందుకే ఏది చెప్పినా రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్‌లో ఏజెంట్‌కు చెప్పిన మాట కంపెనీకి చేరిందనుకోవద్దు.

ఆ తర్వాత రెండు నెలల పాటు ఈ ఫారాలన్నీ కూర్చుని చదివాను. జనం ఎక్కువగా పొరపాటు పడే ప్రశ్నలు ఇవి.

మొదటిది, "కంట్రోల్‌లో ఉంది" అన్న మాట. మాత్ర వేసుకుంటే బీపీ నార్మల్‌గా ఉందంటే జబ్బు లేదని కాదు, ఉన్నట్టే. షుగరూ అంతే, థైరాయిడూ అంతే. రోజూ వేసుకునే మాత్ర ఏదైనా ఉంటే ఆ ప్రశ్నకు జవాబు "ఉంది".

ఇక ప్రశ్నలో కాలం చెప్పే మాట చూడండి. "ప్రస్తుతం" అంటే వేరు, "గత ఐదేళ్లలో" అంటే వేరు, "ఎప్పుడైనా" అంటే పుట్టినప్పటి నుంచీ. చిన్నప్పుడు జరిగిన ఆపరేషన్ మొదటి రెండింటికీ రాకపోవచ్చు, మూడోదానికి వస్తుంది. "సలహా" అన్న మాటను కూడా వదిలేయకండి. డాక్టర్ స్కాన్ రాశారు, మీరు తీయించుకోలేదు. అయినా సలహా ఇచ్చినట్టే, చీటీ మీద తేదీ ఉంటుంది.

పొగతాగడం గురించి చాలామంది "మానేశాను" అని రాస్తారు. చాలా ఫారాల్లో అడిగేది గత 12 నెలల్లో ఏ రూపంలోనైనా పొగాకు, నికోటిన్ వాడారా అని. ఎప్పుడో ఒకటి కాల్చినా, నికోటిన్ గమ్ నమిలినా, వేప్ వాడినా ఆ ప్రశ్న కిందికి వస్తుంది. నికోటిన్ ఒంట్లో కోటినైన్‌గా మారి కొన్ని రోజుల పాటు మూత్రంలో కనబడుతుంది. అలాగే పరీక్షకు ముందు వారం తిండి తగ్గిస్తే షుగర్ బయటపడదని ఎవరైనా చెబితే నమ్మకండి. హెచ్‌బీఏ1సీ పరీక్షలో తెలిసేది రెండు మూడు నెలల సగటు. ఎర్రరక్త కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్ల చక్కెర లెక్కా దాని మీదే ఉంటుంది.

కుటుంబ చరిత్ర అంటే మీ తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఏ జబ్బు అన్నదొకటే కాదు, ఏ వయసులో వచ్చిందో కూడా అడుగుతారు. గుండెపోటు 50లో రావడం వేరు, 80లో రావడం వేరు. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.

లైఫ్ పాలసీలో అడిగే ఇంకో ప్రశ్న: ఇంతకుముందు ఏ కంపెనీ అయినా మీకు పాలసీ నిరాకరించిందా, వాయిదా వేసిందా, ప్రీమియం పెంచిందా? దీనికి అబద్ధం రాయొద్దు. మీకు ఇప్పటికే ఉన్న పాలసీలన్నీ రాయండి, ఆఫీసువాళ్లు ఇచ్చిందయినా సరే, ఫారంలో అడిగితే. ఆదాయానికి ఎంత కవర్ ఇవ్వొచ్చో అవన్నీ కలిపే లెక్క వేస్తారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఒకటి. ఫారం ఇచ్చిన రోజుకూ పాలసీ చేతికొచ్చే రోజుకూ మధ్య ఏదైనా కొత్తగా బయటపడితే అదీ చెప్పాలి. కంపెనీయే మెడికల్ టెస్టులు చేయించినా మనం చెప్పాల్సిన బాధ్యత పోదు.

"ఇవన్నీ చెబితే అసలు పాలసీయే ఇవ్వరేమో" అని భయం. ఒక్కోసారి ఇవ్వరు, నిజమే. ఎక్కువసార్లు మాత్రం ప్రీమియం కొంత పెంచుతారు, లేదా ఆ జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (అంతవరకూ దానికి క్లెయిమ్ ఇవ్వని గడువు) పెడతారు, లేదా దాన్నొక్కదాన్నీ కవర్ నుంచి తీసేస్తారు. ఏదయినా ఆ రోజే తెలుస్తుంది, ఇంకో కంపెనీని వెతుక్కునే సమయం ఉంటుంది. నేను మాత్రం ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ ముందు నిలబడి తెలుసుకున్నాను.

ఆస్పత్రి సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి హడావిడిలో డ్యూటీ డాక్టర్ "బీపీ ఎన్నాళ్లుగా?" అంటే మా మరిది "ఐదేళ్లుగా ఉందనుకుంటా" అన్నాడు. కేస్ షీట్‌లో ఐదేళ్లనే ఎక్కింది, నిజానికి మూడేళ్లే. మూడేళ్లయినా పాలసీకి ముందుదే, కాబట్టి మా ఫలితం మారేది కాదు. కానీ పాలసీ తర్వాత జబ్బు వచ్చినవాళ్లకు ఆ ఒక్క తప్పు మాట క్లెయిమ్‌కే ఎసరు పెడుతుంది. జబ్బు ఎప్పుడు బయటపడిందో చూపే మొదటి చీటీని జాగ్రత్తగా దాచుకోండి, పక్కన ఉండేవాళ్లకు ఆ తేదీ చెప్పి ఉంచండి.

ఇప్పటికే పాలసీ ఉన్నవాళ్లు ఇవాళే ప్రపోజల్ కాపీ తీసి చదవండి. లేకపోతే కంపెనీని అడగండి. కొత్త పాలసీ అయితే ఫ్రీ లుక్ గడువులోపు, అంటే చదివి చూసుకోవడానికి మొదట్లో ఇచ్చే రోజుల్లోపు, వెనక్కి ఇచ్చేయొచ్చు. గడువు దాటినా తప్పు కనబడితే క్లెయిమ్ వచ్చేదాకా ఆగకుండా మీరే రాసి పంపండి. మా లైఫ్ పాలసీ ఫారం కూడా ఆ ఏజెంటే నింపాడు, అందులోనూ బీపీ ప్రశ్నకు "లేదు". మందుల చీటీలు జత చేసి ఉత్తరం రాశాం. ప్రీమియం పెంచారు, పాలసీ నిలిచింది.

హెల్త్ పాలసీ కోసం మళ్లీ అప్లై చేస్తే, పాత రద్దు సంగతి రాసినందుకు మొదటి కంపెనీ వద్దంది. రెండో కంపెనీ మూడు వారాలు పరిశీలించి, ప్రీమియం పెంచి, బీపీకి వెయిటింగ్ పీరియడ్ పెట్టి ఇచ్చింది. ఈసారి ఫైలు ముందు పెట్టుకుని ఇద్దరం ఒక సాయంత్రమంతా కూర్చుని నింపాం. మందుల ప్రశ్నకు ఎదురుగా మాత్ర పేరు, మొదలుపెట్టిన నెల, మా వారే స్వయంగా రాశారు.