జ్వరం తగ్గాక పరుగా, నడకా?

ఫ్లూ తగ్గిన మూడో రోజే, చెమట పడితే మిగతా నలత కూడా పోతుందన్న మాట నమ్మి, బూట్లు వేసుకుని పాత వేగంతోనే పరుగెత్తాను. రెండో రౌండ్‌కే ఆయాసం, గుండె దడ, మర్నాడంతా మంచం మీదే. అక్కడితో పోయింది, నయం. వైరస్ ఒక్కోసారి గుండె కండరానికి వాపు తెస్తుంది, ఆ టైంలో గట్టిగా శ్రమిస్తే గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చు. ఛాతీలో నొప్పి, దడ, కళ్లు తిరగడం ఉంటే పరుగూ వద్దు, నడకా వద్దు, ముందు డాక్టర్.

నడక బోరే, ఒప్పుకుంటాను. కానీ పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలిగే వేగంలో పది నిమిషాలు నడిచి, మర్నాడు ఒళ్లు బాగుంటేనే ఇంకో ఐదు కలుపుకుంటూ పోతే, ఎక్కడ ఆగాలో ఒళ్లే చెబుతుంది.

అయితే కోవిడ్ తర్వాత కొందరికి ఆ కాస్త నడకకే, అదీ ఒకటి రెండు రోజులు ఆగి, ఒళ్లంతా కుప్పకూలినట్టవుతుంది. వాళ్లకి రోజూ కొంచెం పెంచడమనే పద్ధతే బెడిసికొడుతుంది. ఇలాంటి నీరసమే ప్రధానంగా ఉండే ఎంఈ/సీఎఫ్ఎస్ జబ్బుకి, వ్యాయామాన్ని లెక్కప్రకారం పెంచే చికిత్స ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్యులకు చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో చెప్పేసింది.

నేను మాత్రం ఈసారి నడకే.