సెవెన్ సమురాయ్ 4కె డిస్కు: వాన కోసమే కొనవచ్చు

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1954లో తీసిన ‘సెవెన్ సమురాయ్’ స్ట్రీమింగ్‌లో దొరుకుతున్నప్పుడు 4కె డిస్కు (మామూలు బ్లూరే కన్నా స్పష్టమైన బొమ్మ ఇచ్చేది) కొనడం అవసరమా అన్న సందేహం సహజమే. 207 నిమిషాల ఈ చిత్రంలో చాలా భాగాన్ని స్ట్రీమింగ్‌లో చూసినా పెద్ద నష్టం లేదు. కుండపోత వానలో జరిగే ఆఖరి పోరాటం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండింటికీ పోలికే ఉండదు.

వీడియోను కుదించే పద్ధతులు ఒక ఫ్రేము నుంచి తరువాతి ఫ్రేముకు మారని భాగాలను మళ్లీ పంపకుండా డేటాను ఆదా చేస్తాయి. వానలో అలా మారకుండా ఉండేది దాదాపు ఏమీ ఉండదు. పైగా పాత ఫిల్ముకు సహజమైన గ్రెయిన్ (ఇసుక రేణువుల్లాంటి సన్నని చుక్కలు) కూడా ప్రతి ఫ్రేములోనూ మారిపోతూ ఉంటుంది. నేను ఈ ఘట్టాన్ని ముందు చూసిన స్ట్రీమింగ్ సేవలో ధారలన్నీ కలిసిపోయి, గుర్రాల చుట్టూ బూడిదరంగు గడులు గడులుగా కనిపించాయి. సెకనుకు వంద మెగాబిట్లు దాటే వేగాన్ని కూడా తట్టుకునే 4కె డిస్కుకు ఆ ఇబ్బంది లేదు.

వాన తెరమీద కనిపించాలంటే వెనుక నుంచి వెలుతురైనా పడాలి, వెనుక చీకటైనా ఉండాలి. ‘రషోమన్’ (1950)లో తెల్లని ఆకాశం ముందు ధారలు కనిపించకపోవడంతో కురొసావా నీళ్లలో నల్లసిరా కలిపించాడు. ఇక్కడ తడిసిన గడ్డి కప్పులు, నల్లని బురద ఆ పని చేస్తాయి. వానలో నిలబడి సమురాయ్‌ల నాయకుడు కంబెయ్ విల్లు ఎక్కుపెట్టే షాట్‌లో అతని ముఖం ముందు జారే ధారలనూ, వెనుక పడే ధారలనూ విడివిడిగా గుర్తించవచ్చు. (కథ తెలియనివారు తరువాతి వాక్యాన్ని వదిలేయడం మంచిది.) బోర్లా పడి చనిపోయిన కికుచియో (ఆ ఏడుగురిలో ఒకడు) కాళ్లకు అంటిన బురదను వాన మెల్లగా కడిగేయడం ఈ డిస్కులో ఎంత స్పష్టంగా ఉందంటే, ఏ సంభాషణా లేకుండానే ఆ మరణం గుండెలో దిగబడుతుంది.

ఈ పోరాటానికి నేపథ్య సంగీతం లేదు. వాన హోరు, గిట్టల చప్పుడు, అరుపులు మాత్రమే ఉంటాయి. వాన పడితే చాలు వయొలిన్లు మోగించే సినిమాలకు అలవాటుపడిన చెవికి ఇది మొదట కరుకుగా తోచినా, ఆ దృశ్యంలోని భయానికి మూలం అదే. శబ్దం మోనో (ఒకే ఛానల్) కాబట్టి సౌండ్‌బార్‌లో సరౌండ్ మోడ్ ఆపివేయడం అవసరం. లేకపోతే వాన పాత రేడియో గరగరలా వినిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. దృశ్యం మారే చోట వాడిన వైప్‌ల (ఒక బొమ్మను పక్కకు తుడిచేస్తూ మరో బొమ్మ రావడం) దగ్గర బొమ్మ కొంత మెత్తబడుతుంది. అది పాత ఆప్టికల్ పద్ధతి (ఫిల్మును మళ్లీ ఫిల్ము మీదికి ఎక్కించడం) పరిమితే తప్ప డిస్కు తప్పు కాదు. చిన్న టీవీ ఉన్నవారికి మామూలు బ్లూరే సరిపోతుంది. ప్రొజెక్టర్ గానీ పెద్ద తెర గానీ ఉన్నవారు మాత్రం 4కె డిస్కే తీసుకోవాలి. చూసే ముందు టీవీలోని మోషన్ స్మూతింగ్‌నూ (కదలికలను నునుపు చేసే సెట్టింగు), నాయిస్ తగ్గించే సెట్టింగునూ ఆపివేయాలి, ఎందుకంటే అవి సన్నని ధారలను చెదరగొట్టవచ్చు, చెరిపివేయవచ్చు.